ఎర్ర దారం కట్టిన సీసాలు

మా అక్క మనవరాలు ఫార్మసీ చదువు ముగించి మొన్ననే ఉద్యోగంలో చేరింది. చేరే ముందు మా ఇంటికి వచ్చి, "తాతా, మీ జమానల కంపౌండర్ అంటే ఏం జేసెటోళ్లు?" అని అడిగింది.

"సీసాలు కడిగెటోళ్లం బిడ్డా" అన్నాను.

పకపకా నవ్వింది. నేను పరాచికానికి అనలేదు. మెదక్‌లో నేను చేసిన ముప్ఫై ఏళ్ళ నౌకరీలో సగం సీసాలు కడగడంలోనే గడిచింది. నేర్చుకున్నది కూడా ఆ సీసాల దగ్గరే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను. ఏ సంవత్సరం ఏ గ్రేడు వచ్చింది, ఏ అధికారి ఏ కాగితం మీద సంతకం పెట్టాడు అన్న గోల ఇందులో ఉండదు. ఆ కాగితాలు నా ట్రంకు పెట్టెలో ఇంకా ఉన్నాయి. వాటిని చెదలు కూడా ముట్టుకోలేదు. ఇక మీకేం రుచిస్తాయి?

ఒక్క డాక్టరమ్మ గురించి, నేను చేసిన ఒక్క తప్పు గురించి చెప్తాను. మిగతాదంతా ఆ రెంటి చుట్టూ తిరిగేదే.

సీసా నిలబడితే మనిషి నిలబడినట్టే

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను నౌకరీలో చేరాను. మా దవాఖాన ఖిల్లా గుట్ట కింద, బీడీలు చేసేవాళ్ళ గల్లీల మధ్య ఉండేది. రెండు గదులు, ముందర పొడుగాటి అరుగు. అరుగు మీద నిలబడితే ఒక దిక్కు గుట్ట, ఇంకో దిక్కు ఇళ్ళ కప్పుల మీదుగా పెద్ద చర్చి గోపురం కనిపించేవి.

ఆ రోజుల్లో మందు అంటే ఎక్కువగా నీళ్ళ మందే. ఇప్పటిలాగా డబ్బాల్లో వచ్చేది కాదు, మేమే కలిపి పోయాలి. సీసా మాత్రం ఎవరిది వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. నూనె సీసా, సారా సీసా, షర్బత్ సీసా, ఏది దొరికితే అది. మూత పోయినవాళ్ళు గుడ్డ పీలిక ఉండచుట్టి బిగించుకునేవాళ్ళు. మందు పోసి, సీసా పక్కన కత్తెరతో గాట్లు పెట్టిన కాగితం పట్టీ అంటించేవాడిని. ఒక్కో గాటు ఒక్కో పూట. చదువు రానివాళ్ళకు ఆ పట్టీయే చీటీ.

మా దగ్గరకు వచ్చేది ఎక్కువగా బీడీలు చుట్టే ఆడవాళ్ళు. తెల్లవారితే ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చోవాలి. తునికాకు కత్తిరించాలి, తంబాకు నింపి చుట్టాలి, కొసకు ఎర్ర దారం కట్టాలి. సాయంత్రానికి లెక్క తగ్గితే కార్ఖానాలో ఆకు తూచి ఇచ్చి బీడీలు లెక్కపెట్టుకునే ముంషీ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. అట్లాంటి మనిషి పొద్దంతా దవాఖాన ముందు వరసలో ఎట్లా నిలబడుతుంది? అందుకని వాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున్నే వచ్చి అరుగు మీద సీసా పెట్టి పోయేవాళ్ళు. సీసాలు వరసలో నిలబడేవి. ఎవరో ఒకామె తన చాట తెచ్చుకుని ఆ సీసాలకు కాపలా కూర్చునేది. వంతు దగ్గరపడితే గల్లీలోకి కేకవేసేది. నల్లా దగ్గర బిందె ముందుకు జరిపినందుకు జుట్లు పట్టుకునే మనుషులే, అరుగు మీద ఇంకొకరి సీసాను వేలితో కూడా కదిలించేవాళ్ళు కారు. సీసా నిలబడితే మనిషి నిలబడినట్టే.

నా మొదటి డాక్టరుకు ఇది నచ్చలేదు. "మనిషి ఉంటేనే మందు" అని ఒకనాడు సీసాలన్నీ తీయించి చెత్తకుప్ప దగ్గర పెట్టించాడు. తీసింది నేనే. ఆ వారం దవాఖాన ఖాళీగా ఉంది. జనం ఆరోగ్యం బాగుపడిందని ఆయన సంతోషపడ్డాడు. చదువుకున్న మూర్ఖత్వానికి మందు లేదని అప్పుడు నాకు అర్థమైంది.

వెలుతురుకు ఎత్తి చూడడం

ఆయన పోయాక డాక్టర్ లీలావతమ్మ వచ్చారు. ఆమెది కృష్ణా కాలువల కింద ఊరు. సన్నటి మనిషి, మెడలో స్టెతస్కోపు తప్ప నగ లేదు. ఆమె మాట విని మా ఆడవాళ్ళు మొదట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. "అమ్మ మాట్లాడితె సిన్మ సూసినట్టే ఉంటది" అనేవాళ్ళు. ఆమె కూడా నవ్వేవారు గానీ మాట మార్చుకోలేదు.

మొదటిరోజే అరుగు మీద సీసాలు చూసి ఇవేమిటని అడిగారు. చెప్పాను. తిడతారేమో, మళ్ళీ చెత్తకుప్ప దాకా మోయాలేమో అనుకుంటూ నిలబడ్డాను. ఆమె వంగి ఒక సీసా తీసుకుని, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశారు. అడుగున రెండు వేళ్ళ మందు మిగిలి ఉంది.

"ఈమె మందు సగం కూడా తాగలేదు. ఎందుకో కనుక్కుందాం" అన్నారు.

అది ఆమె పద్ధతి. మనిషి కన్నా ముందు సీసాను చూసేవారు. "మందు తాగావా అంటే ఎవరైనా తాగామనే అంటారు రత్నం గారూ. డాక్టరు నొచ్చుకుంటుందని మొహమాటం. సీసాకు ఆ మొహమాటం ఉండదు" అని నాతో అనేవారు. నెల తిరగకుండానే ఏ సీసా ఏ గల్లీదో ఆమెకు కంఠతా వచ్చేసింది. మనుషుల పేర్లు ఆ తర్వాత వచ్చాయి.

ఒకసారి ఒక సీసాలో మిగిలిన మందు రంగు వెలిసినట్టుంది. నేనైతే కడిగి కొత్తమందు పోసేవాడిని. ఆమె ఆపి, ఆ సీసా తెచ్చిన తల్లిని పిలిపించి మెల్లగా అడిగారు. పక్కింటి పిల్లకూ జ్వరమేనట, ఆ పిల్ల తల్లికి రావడానికి తీరలేదట, అందుకని ఈమె ఉన్న మందులో నీళ్ళు కలిపి ఇద్దరు పిల్లలకూ తాగిస్తోందట. నాకు కోపం ముంచుకొచ్చింది. డాక్టరమ్మ మాత్రం, "మంచి బుద్ధే, కాకపోతే ఇద్దరికీ జ్వరం తగ్గదు" అని రెండో సీసాకు మందు రాశారు. కోపం తెచ్చుకోవడం చాలా సులభమైన పని అని, దానికి చదువు అక్కర్లేదని ఆమెను చూశాకే తెలిసింది.

ఆమె దేవత కాదు. తిండి వేళకు తినేవారు కాదు, ఇంకొకరిని తిననిచ్చేవారు కాదు. చీటీ మీద ఆమె రాత చీమలబారు. నేను ఒక ఔన్సు తేడాగా మందు పోస్తే, కొత్త కోడలిని అత్త చూసినట్టు చూసేవారు. అయినా ఆమె దగ్గర పనిచేసిన పదేళ్ళు మళ్ళీ ఇస్తామంటే, ఈ మోకాళ్ళతో కూడా పరుగెత్తుతాను.

నేను చేసిన తెలివైన పని

ఆ గల్లీల్లో క్షయ చాలా ఉండేది. జనం దాని పేరు ఎత్తేవాళ్ళు కాదు, "పెద్ద దగ్గు" అనేవాళ్ళు. మొదట కొన్ని నెలలు సూదులు, వాటితోపాటు ఏడాదిన్నర దాకా గోళీలు. దగ్గుకు నీళ్ళ మందు సరేసరి. రెండు నెలలు వాడగానే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్ళు తేరుకుంటుంది. అసలు ప్రమాదం అప్పుడే. బాగైందని మందు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. రెండోసారి వస్తే అవే మందులు పనిచేయకపోవచ్చు. డాక్టరమ్మ రోజుకు ఇరవైసార్లు ఈ మాట చెప్పేవారు.

అట్లా మందు వాడేవాళ్ళలో యాదమ్మ ఒకతి. ముప్ఫై దాటని మనిషి. భర్త హైదరాబాదులో మేస్త్రీల కింద కూలి చేస్తూ ఎప్పుడో పండుగకు వచ్చేవాడు. ఇద్దరు ఆడపిల్లలు. యాదమ్మ బీడీలు చేస్తేనే ఇల్లు నడిచేది. పొట్టిగా, బొద్దుగా ఉండే పచ్చరంగు నూనె సీసా ఆమెది. గల్లీలో అట్లాంటిది ఇంకోటి లేదు. మూడో నెల సూదులు నడుస్తుండగా, వచ్చినప్పుడు ఈడ్చుకుంటూ నడిచిన మనిషి మెట్లు చకచకా ఎక్కుతోంది.

అప్పుడే డాక్టరమ్మ తల్లికి జబ్బు చేసి, ఆమె మూడు వారాలు ఊరికి పోయారు. వారానికి రెండు రోజులు ఇంకో డాక్టరు వచ్చి చూసిపోయేవాడు. మిగతా భారం నా మీదే. పెద్ద దగ్గువాళ్ళ సీసాలు మిగతావాటిలో కలిసిపోతుంటే వెతుక్కోవడం కష్టంగా ఉండేది. నాకో ఉపాయం తట్టింది. ఆనాడు కాపలా కూర్చున్నది యాదమ్మే.

"యాదమ్మా, జర దారం ఇస్తవా?" అని అడిగాను.

"గదెంత పని సారూ, ఉండ మొత్తం తీస్కోండ్రి. నా తాన ఇంకోటున్నది" అని బీడీలకు కట్టే ఎర్ర దారం ఉండ నా చేతిలో పెట్టింది.

ఆ దారాన్ని పెద్ద దగ్గువాళ్ళ సీసాల మెడలకు కట్టాను. అరుగు చివర ఒక చెక్కపలక వేయించి, ఆ సీసాలన్నీ దాని మీదే పెట్టాలన్నాను. పచ్చసీసాకు కూడా, ఆమె ఇచ్చిన దారాన్నే, ఆమె ముందే కట్టాను. ఆమె కట్టిన చోటు వైపు చూసి, మళ్ళీ తన చాట ముందు కూర్చుంది.

వెతుక్కోవడం సులభమవుతుందని కట్టానన్నది నిజమే గానీ, సగం నిజం. రెండో సగం ఇది. రేగోడ్ పక్కన మా ఊళ్ళో మా అన్న ఈ జబ్బుతోనే పోయాడు. ఆ దగ్గు నా చెవుల్లో అట్లాగే ఉంది. ఆ సీసాలు ముట్టుకున్న ప్రతిసారీ చర్మం ఊడేదాకా సబ్బుతో చేతులు కడుక్కునేవాడిని. అవి మిగతా సీసాలకు దూరంగా, నాకు దూరంగా ఉండాలని నా కోరిక. దానికి పద్ధతి అని పేరు పెట్టుకున్నాను. మన భయానికి మనం పెట్టే పేర్లలో ఇది అన్నిటికన్నా గౌరవంగా కనబడేది.

పచ్చసీసా ఏదీ?

డాక్టరమ్మ తిరిగివచ్చిన పొద్దున, మెచ్చుకుంటారని అరుగు దగ్గరకు తీసుకుపోయి నా ఏర్పాటంతా చూపించాను. పలక మీద నాలుగే సీసాలున్నాయి. ఆమె పోయేనాటికి పెద్ద దగ్గువాళ్ళు పదకొండు మంది.

"పచ్చసీసా ఏదీ?" అన్నారు.

"పది దినాలాయె, వస్తలేదమ్మా" అన్నాను. అనేదాకా, అది రావడం లేదన్న సంగతి నేనే సరిగా పట్టించుకోలేదు.

కాపలా కూర్చున్న ఆడమనిషి తల ఎత్తకుండా బీడీ చుట్టుకుంటూనే చెప్పింది. ఎర్ర దారం అంటే ఏమిటో వారంలోనే గల్లీలన్నిటికీ తెలిసిపోయిందట. కార్ఖానా ముంషీ నర్సింలు అరుగు ముందు నుంచి పోతూ పచ్చసీసా మెడకు దారం చూశాడట. మరునాడు యాదమ్మ ఆకు కోసం పోతే, "నీ చేతి బీడీలు ఎవ్వలు దాగుతరు?" అని అందరి ముందూ ఖాళీ చాటతో పంపేశాడట. మిగిలినవాళ్ళు ఆ భయంతోనే దవాఖానకు రావడం మానేశారట.

"పిలగాండ్లకు గంజి తాపుతున్నదమ్మా. మందు మాట ఎత్తితె తలుపేస్తున్నది" అన్నది.

డాక్టరమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. తిట్టి ఉంటే ఎంతో హాయిగా ఉండేది. లోపలికి పోయి, ఇంటి నుంచి తెచ్చుకునే తన మంచినీళ్ళ సీసా పట్టుకొచ్చారు. "ఆ దారం ఇటివ్వండి" అన్నారు. ఇచ్చాను. తన సీసా మెడకు దారం చుట్టి ముడివేశారు. దాన్ని పలక మీద, ఆ నాలుగు సీసాల మధ్య పెట్టారు. కాసేపటికి దాహమైతే బయటకు వచ్చి, పలక దగ్గరే నిలబడి, అందరూ చూస్తుండగా ఆ సీసా ఎత్తి తాగారు.

"దారాలు విప్పేద్దామా అమ్మా?" అన్నాను.

"విప్పితే ఏం లాభం? ఎవరికి కట్టామో ఊరికంతా తెలిసిపోయింది కదా. అన్ని సీసాలకూ కట్టండి. గజ్జి అయినా, కడుపునొప్పి అయినా, పిల్లల జలుబు అయినా సరే. దారం లేని సీసా ఈ అరుగు దిగకూడదు. ఆ పలక తీసేయండి."

ఆనాటి నుంచి నా వేళ్ళు బీడీలు చేసేవాళ్ళ వేళ్ళకన్నా ఎక్కువ దారం కట్టాయి. మొదట జనం గొణిగారు. ఒకరిద్దరు సీసాలు కొంగు కింద దాచుకుని పోయారు. అయితే డాక్టరమ్మ నీళ్ళ సీసాకే ఉన్నదాన్ని పట్టుకుని ఎంతకాలమని గొణుగుతారు?

ముంషీ కడుపులో మంట

ఇంకో వారానికి ముంషీ నర్సింలే వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, పైన ఉన్న సేటంటే వణుకు. కడుపులో మంటట. తెచ్చిన సీసా మాత్రం ఖరీదైన బ్రాందీ సీసా. మంట ఎక్కడి నుంచి వచ్చిందో అడగాల్సిన పని లేకపోయింది. మందు పోసి, మెడకు దారం కట్టి అందించాను. నిప్పు ముట్టుకున్నట్టు వెనక్కి జరిగాడు.

"అమ్మా, నాకు గా బీమారి లేదు! కడుపుల మంట గంతే. నా సీసకు దారమెందుకు గట్టిండు గీ కంపౌండర్?"

"ఇక్కడ అందరికీ కడతారు నర్సింలూ. నా సీసాకూ ఉంది, చూడు" అన్నారు డాక్టరమ్మ.

"బజార్ల సూసెటోళ్లు ఏమనుకుంటరమ్మా?"

"ఏమనుకుంటారు?"

అతను నేల చూశాడు.

"యాదమ్మకు ఆకు ఎందుకు ఇవ్వడం లేదు?"

"గట్లంటె ఎట్లమ్మా... ఆమె చేసిన బీడీలని సేటుకు తెలిస్తె నా నౌకరి పోతది. నాకు పిలగాండ్లు లేరా?"

డాక్టరమ్మ అతన్ని కూర్చోమని, తానూ ఎదురుగా కూర్చున్నారు. "ఆ జబ్బు చేతుల్లో ఉండదు, దగ్గులో ఉంటుంది. యాదమ్మ మూడో నెల దాకా సూదులు వేయించుకుంది. నేను ఊరికి వెళ్ళే ముందు తెమడ పరీక్ష చేయిస్తే జబ్బు కనబడలేదు. ఆ రోజున ఆమె నీ పక్కన కూర్చుని దగ్గినా నీకేమీ కాదు. ఇప్పుడు మందు మానేసింది. ఇట్లాగే ఉంటే జబ్బు తిరిగి వస్తుంది. అప్పుడు ఆమెకే కాదు, ఆ పిల్లలకూ భయమే, ఆకు తూచి ఇచ్చే నీకూ భయమే. ఆమెను బజారున పడేసి నువ్వు ఎవరిని కాపాడుతున్నట్టు?"

నర్సింలు సీసాను రుమాలులో చుట్టుకుని పోయాడు. రుమాలు చిన్నది, సీసా పొడుగుది, మెడ మీద దారం బయటికే కనిపిస్తోంది. ఇంటికి చేరేలోగా ముగ్గురు ఆపి అడిగారట. ముగ్గురికీ కడుపులో మంట అనే చెప్పాడట. ఒక్కడూ నమ్మలేదట.

మూడోనాడు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఆకు ఇస్తనమ్మా. సేటు అడిగితె మీరే చెప్పుండ్రి" అన్నాడు. ఆమె ఆనాడే కార్ఖానాకు పోయి సేటుతో మాట్లాడి వచ్చారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు. సేటు భార్యకు కూడా మా దవాఖాన మందే పనిచేసేదని మాత్రం తెలుసు.

యాదమ్మ గడప

ఆకు వచ్చింది గానీ పచ్చసీసా రాలేదు. డాక్టరమ్మ నన్ను పిలిచారు.

"ఆకు నేను ఇప్పించాను. మందు మీరు ఇప్పించాలి" అన్నారు. అంతే.

పోయాను. ఒకటే అర్ర, ఆ ఒక్క గదే ఇల్లు. గడపలో చాట పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనలేదు. మనిషి మళ్ళీ చిక్కింది. మాట్లాడబోతే దగ్గు వచ్చింది.

"మందు తెచ్చిన యాదమ్మా" అన్నాను.

"నా దారం నాకియ్యి సారూ" అన్నది.

జేబులో ఉన్న ఉండ తీసి చాటలో పెట్టాను. తీసి పక్కన పెట్టుకుని, మళ్ళీ బీడీ చుట్టడం మొదలుపెట్టింది. పోదామా అనుకున్నాను. అట్లా పోయి ఉంటే ఈ కథ వేరే తీరుగా ముగిసేది. నేనేమో ముప్ఫై ఏళ్ళు మంచి కంపౌండరునని అనుకుంటూ బతికేవాడిని.

"తప్పయింది" అన్నాను. ఆ మాట ఎప్పుడూ అనని నోరు.

అప్పుడు తల ఎత్తింది. "నీకు భయమయ్యింది గదా సారూ?"

"అయింది. మా అన్న గిదే బీమారితోని పోయిండు."

చేతిలో బీడీ చేతిలోనే ఆగింది. "భయమైతె భయమైందని చెప్పాలె. నాకు లేదా భయం? పిలగాండ్లను పక్కల పండుకోపెట్టుకుంట లేను. నువ్వు ఒక్క మాట చెప్తె నా సీస నేనే దూరం పెట్టుకుందును. నేనిచ్చిన దారంతోని నన్నే ఎందుకు కట్టేస్తివి?"

మందు గడప పక్కన పెట్టి వచ్చేశాను.

మరునాడు పొద్దున నేను తలుపు తీసేసరికి అరుగు మీద అన్నిటికన్నా ముందు పచ్చసీసా ఉంది. మెడకు దారం ఉంది. నా ముడి కాదు, బీడీ కొసకు వేసే చిన్న గట్టి ముడి. డాక్టరమ్మ ఆ సీసాను తీసుకుని నా చేతిలో పెట్టారు. "ఏడాదిన్నర మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాలి రత్నం గారూ" అన్నారు. లెక్కపెట్టాం. ఒక్క పూట కూడా తప్పలేదు. మానేసినవాళ్ళలో ఐదుగురు తిరిగి వచ్చారు. ఇద్దరు రాలేదు, ఊరు విడిచి పోయారన్నారు. ఆ ఇద్దరి సీసాలు ఎట్లా ఉండేవో ఇప్పటికీ చెప్పగలను.

కొంతకాలానికి మా దారానికి వింత పేరు వచ్చింది. దారం లేకపోతే మందు పారదని జనం నమ్మడం మొదలుపెట్టారు. పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కూడా, "దారం కట్టుండ్రి సారూ" అని అడిగి కట్టించుకునేవాళ్ళు. తాయెత్తులకు పోటీ వచ్చామని డాక్టరమ్మ నవ్వేవారు.

ఒకనాడు ధైర్యం చేసి అడిగాను. మీకు కూడా ఎప్పుడైనా ఈ జబ్బు వచ్చిందా అమ్మా, అందుకేనా ఆనాడు మీ సీసాకు కూడా దారం కట్టుకున్నారు అని. "వచ్చిందంటే మీకు జాలి కలుగుతుంది. రాలేదంటే నేనేదో గొప్పదాన్ననిపిస్తుంది. రెండూ నాకు వద్దు. ఆ మిక్చర్ కలిపారా?" అన్నారు. కలపలేదు. పోయి కలిపాను.

ఆఖరి వరస

ఆమెకు బదిలీ అయినప్పుడు ఊరి పెద్దలు బడి హాలులో సన్మానం చేశారు. శాలువా కప్పారు, పెద్దపెద్ద మాటలు చెప్పారు. ఆమె కాళ్ళు మార్చి మార్చి నిలబడడం నాకు కనిపిస్తూనే ఉంది. వేదిక మీద గానీ, వేదిక కింద గానీ మా గల్లీ ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. పిలవలేదు. పిలిచినా పొద్దుటిపూట పని వదిలి ఎట్లా వస్తారు? నాకు మనసు చివుక్కుమంది.

మరునాడు పొద్దున తూప్రాన్ మీదుగా పోయే హైదరాబాదు బస్సు ఎక్కాలి. తాళంచెవులు అప్పగించడానికి ఆమె దవాఖానకు వచ్చారు. నేనూ అప్పుడే వచ్చాను. ఇద్దరం మెట్ల దగ్గరే ఆగిపోయాం.

అరుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా సీసాలు. అరుగు చాలక మెట్ల మీద, మెట్లు చాలక గోడ వెంట. ప్రతి సీసా మెడకూ ఎర్ర దారం. రాలేనివాళ్ళంతా తమ బదులు సీసాలను నిలబెట్టి పోయారు.

ఆమె చెప్పులు విప్పి అరుగు ఎక్కారు. మొదటి సీసా తీసుకుని అలవాటు ప్రకారం వెలుతురుకు ఎత్తి చూశారు. ఖాళీ. కడిగి ఆరబెట్టిన సీసా. "లచ్చవ్వ" అని మెల్లగా అని, ఉన్నచోటే పెట్టారు. రెండోది ఎత్తారు. ఖాళీ. "పోశమ్మ." అట్లా ఒక్కొక్కటే ఎత్తి చూస్తూ, పేరు చెప్తూ, వరస వెంట నడిచారు. ఒక్క సీసాలోనూ చుక్క మందు లేదు. నేను వెనకనే నడుస్తూ, ఏడుపు ఆపుకోలేక ఏడ్చాను. బస్సు పోతుందని చెప్పే బుద్ధి కూడా నాకు లేకపోయింది.

నడుమ ఒకచోట ఒక సీసాకు సరిపడా జాగా ఖాళీగా ఉంది. ఆమె ఆగిపోయారు.

"పచ్చసీసా ఏదీ?" అన్నారు, ఆనాడు అన్నట్టే.

అరుగు కంబం వెనక నుంచి యాదమ్మ వచ్చి, సరిగ్గా ఆ ఖాళీ జాగాలో నిలబడింది.

"పని మానుకుని ఎందుకు వచ్చావు యాదమ్మా? సాయంత్రం లెక్క తగ్గదూ?"

"సీస పగిలిపోయిందమ్మా" అన్నది యాదమ్మ. "గందుకే నేనే వచ్చి నిలబడ్డ."

డాక్టరమ్మ నవ్వబోయారు, నవ్వు సగంలోనే పోయింది. యాదమ్మ గడ్డం పట్టుకుని, ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి, సీసాను చూసినట్టే చాలాసేపు చూశారు.

"బాగుంది. నీకు ఇక మందు అక్కర్లేదు" అన్నారు.

తర్వాత ఒక నెలకు ఏదో పని మీద ఆ గల్లీలోకి పోయి యాదమ్మ గడపలో ఆగాను. లోపల గూట్లో, దీపం పక్కన, పచ్చసీసా ఉంది. చిన్న పగులు కూడా లేదు. మెడకు దారం ఉంది. నేను చూడడం ఆమె చూసింది.

"చాయ్ తాగుతవా సారూ?" అన్నది.

కూర్చుని తాగాను.